పల్నాటి ఎండలో పద్నాలుగు మళ్లు

వేసవి వచ్చిందంటే రేడియోలోను, దినపత్రికలలోను తప్పక వినబడే ఊరి పేరు రెంటచింతల. వాతావరణ శాఖవారు అక్కడ ఎండను కొలుస్తారు గనుక ఆ ఊరి లెక్క అందరికీ తెలుస్తుంది. దాని చుట్టుప్రక్కల పల్లెల ఎండ లెక్క అంతగా వినబడదు గాని, అది అంతకు తక్కువేమీ కాదు. మేము పరిచర్య చేస్తున్న గ్రామము ఆ పల్లెలలో ఒకటి.

పల్నాడు రాతినేల. ఇంటి అరుగులు, దొడ్డి గోడలు, పొలము గట్ల మీది కంచె, అన్నీ నాపరాళ్లే. పగలంతా కాగిన రాయి రాత్రి పది గంటలకు గాని చల్లబడదు. బాపట్ల, చీరాల వైపు సాయంకాలమయ్యేసరికి వీచే సముద్రపు గాలి ఇంత లోపలికి రాదు. మాకు వచ్చేది పడమటి గాలి. అది ఎండిన మెట్టలు, గుట్టలు దాటి వచ్చేసరికి పొయ్యి దగ్గరి సెగలా ఉంటుంది. మైదాన ప్రాంతములో పగటి వేడి 40 డిగ్రీలకు చేరి, ఆ దినాలలో మామూలుగా ఉండవలసినదానికంటె 4.5 డిగ్రీలు ఎక్కువైతే వాతావరణ శాఖవారు దానిని వడగాడ్పు అంటారు. మామూలుతో నిమిత్తము లేకుండ 45 డిగ్రీలు చేరినా వడగాడ్పే. 47కు చేరితే తీవ్ర వడగాడ్పు. మా పెద్దలకు ఈ అంకెలు అక్కరలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని వారు ఏనాడో లెక్క కట్టి పెట్టారు.

ఇటువంటి చోట మందిరము వెనుక 25 సెంట్ల స్థలములో మాకు ఒక ఉమ్మడి తోట ఉన్నది. 2020లో కరోనా కారణముగా రాకపోకలు నిలిచిపోయినప్పుడు ఊరిలోనికి కూరగాయల బండి రాలేదు. అప్పుడు స్త్రీల సమాజమువారు ముళ్లకంప కొట్టి, రాళ్లు ఏరి, ఆ స్థలమును బాగుచేశారు. పద్నాలుగు కుటుంబాలు, పద్నాలుగు మళ్లు. అందులో పన్నెండు కుటుంబాలు మా సంఘమువారు. ఒకటి మందిరము ప్రక్కన మిషను కుట్టుకొని బ్రదికే ముస్లిము కుటుంబము. మరియొకటి గొర్రెలు కాచుకొనే వారిది. అంచుల వెంబడి నిమ్మ, మునగ, కరివేప, బొప్పాయి చెట్లు. నడుమ రాతితో కట్టిన పాత చేదబావి. దాని నీళ్లు కొంచెము ఉప్పన. త్రాగడానికి బాగుండవు గాని మొక్కలకు, పశువులకు పనికివస్తాయి.

మంచి రోజులలో ఆ తోటను చూడవలసినదే. సంక్రాంతి నాటికి గోంగూర, వంగ, బెండ, గోరుచిక్కుడు, దొండపందిరి, బీర పాదులు, టమాటా, పచ్చిమిరప, మడికొక తోటకూర చాలు. మిరప కోతలకు పోయి సాయంత్రము అలసివచ్చిన తల్లులు ఇంటికి పోతూ గుప్పెడు ఆకు కోసుకొని పోతారు. సంతలో కొనే పని తప్పుతుంది. చిన్న తోటే గాని, పద్నాలుగు పొయ్యిల మీద కూర ఉడికేది దానితోనే.

2024 వేసవిలో ఆ తోటకు గడ్డు కాలము వచ్చింది. అంతకు ముందటి సంవత్సరము, 2023లో, కృష్ణా నదికి ఎగువను వర్షాలు సరిగా పడలేదు. నాగార్జునసాగరుకు చాలినంత వరద రాలేదు. కుడి కాలువ పారితేనే మా ప్రాంతపు బావులలో ఊట ఉంటుంది. కాలువ ఎండితే బావి కూడ నెమ్మదిగా దిగిపోతుంది. మార్చి నాటికే మా బావిలో చేద తగిలే లోతు రెండు నిలువులు పెరిగింది. ఏప్రిల్ నెలాఖరుకు వడగాడ్పు మొదలైంది.

అప్పుడు మేము యువకులను వెంటబెట్టుకొని నీళ్ల లెక్క చూశాము. రాత్రంతా ఊరిన నీరు తెల్లవారుజామున 50 బిందెలు. పొద్దు గుంకిన తరువాత తోడితే మరి 30 బిందెలు. బిందెకు 15 లీటర్ల చొప్పున రోజుకు 1,200 లీటర్లు. ఇక ఎండ త్రాగే లెక్క. మే నెలలో మా వైపు తెరిపి నీటి మీద నుండి రోజుకు ఎనిమిది, పది మిల్లీమీటర్ల నీరు ఆవిరైపోతుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు అంటే ఒక లీటరు. 25 సెంట్లు అంటే సుమారు వెయ్యి చదరపు మీటర్లు. తోటంతటినీ తడిపి ఉంచాలంటే రోజుకు ఎనిమిది వేల లీటర్లు కావాలి. మా చేతిలో ఉన్నది ఏడింట ఒక పాలు. అందులోనుండి గొర్రెలకు, దారిన పోయే పశువులకు, పక్షులకు తొట్టిలో పోసే పది బిందెలు తీసివేయాలి. అది మానుదామని మాత్రము ఎవరూ అనలేదు.

ఆదివారము ఆరాధన అయిన తరువాత వేపచెట్టు క్రింద పద్నాలుగు ఇండ్లవారు కూర్చున్నారు. ఉన్న నీళ్లను అందరికీ సమానముగా పంచుదామని మొదట కొందరు అన్నారు. వినడానికి అది న్యాయముగానే ఉన్నది. కాని అలా పంచితే మడికి ఐదు బిందెలు వస్తాయి. పైపైన తడిసిన మన్ను పది గంటలకల్లా ఆరిపోతుంది, వేరు వరకు చుక్క దిగదు. సమానముగా పంచుకొని అందరము సమానముగా ఎండబెట్టుకుంటామన్నమాట. కనుక కొన్ని మళ్లు వదలుకొని, కొన్నిటినే బ్రదికించాలి. ఏవి వదలాలి? ఎవరివి వదలాలి?

అక్కడే మాట పెరిగింది. ఒక సహోదరుడు లేచి, "నా మడి ఎండబెట్టుకొని ప్రక్కవాళ్ల మడికి నీళ్లు మోయాలా అయ్యగారూ?" అని అడిగాడు. అది అందరి మనసులోనిదే. పైగా ఎన్నికల రోజులు. మే 13న ఓటు వేయవలసి ఉన్నది. పల్నాడులో ఎన్నికలు వస్తే వియ్యంకుల మధ్య కూడ మాటలు తగ్గుతాయి. ఆ పద్నాలుగు ఇండ్లలో ఒకరి గుమ్మము ఒకరు తొక్కనివారు ఉన్నారు. అట్టివారు ఒకే బావి నీటిని గూర్చి తేల్చుకోవాలి.

చివరకు ఒక మామ్మ దారి చూపింది. డెబ్బది యేండ్ల విధవరాలు, తోటలో మూడవ మడి ఆమెది. "మళ్లకు పేర్లు తీసేయండి. ఏ మొక్క బ్రదకాలో చూడండి గాని ఎవరి మొక్కో చూడొద్దు" అన్నది. ఆ మాట మీద మూడు ప్రశ్నలు పెట్టుకున్నాము. ఈ ఎండలో కాసే మొక్క ఏది? ఒకసారి పోతే మళ్లీ పెంచడానికి యేండ్లు పట్టే చెట్టు ఏది? విత్తనము వేరెక్కడా దొరకనిది ఏది? ఈ మూడింటిలో ఒకదానికైనా నిలిచినదానికే నీళ్లు. బ్రదికినవి ఇక అందరివి. కాసినది మొదట బాలింతలు, వృద్ధులు ఉన్న ఇండ్లకు, తరువాత మిగతా వారికి.

ఆ లెక్కన టమాటా ముందుగా పోయింది. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడ చల్లబడకపోతే టమాటా పువ్వులోని పుప్పొడి చెడిపోతుంది. మొక్కకు ఎన్ని నీళ్లు పోసినా పువ్వు రాలుతుంది గాని పిందె కట్టదు. పచ్చిమిరప, బీర, తోటకూర కూడ వదిలాము. ఉంచినవి గోరుచిక్కుడు, గోంగూర, కొంత బెండ, దొండ. ఇవి ఎండకు ఓర్చుకొనే జాతి. చెట్లలో నిమ్మ, మునగ, కరివేప. ఇక విత్తనము నిమిత్తము ఉంచినది మామ్మ మడిలోని ఎనిమిది వంగమొక్కలు. తెల్లచారల పొట్టి నాటు వంగ అది. ఆమె అత్తగారి నాటి నుండి ఇంట్లో బూడిదలో దాచి, యేటేటా వేసుకుంటున్న విత్తనము. మా ఊరిలో మరెవరి వద్దా లేదు. ఆ యేడు విత్తనపు కాయ ఇంకా పండలేదు.

అప్పటినుండి పని మారింది. పాదులలో నాలుగు వ్రేళ్ల మందాన వేరుశనగ పొట్టు, కంది పొట్టు, ఎండిన వేపాకు పరిచాము. మొక్క కాండమునకు తగలకుండ బెత్తెడు ఎడము వదలాలి, లేకపోతే చెదలు పడుతుంది. ఆ ఆకుల క్రింద చల్లగా ఉంటుంది గనుక తేళ్లు, పాములు చేరతాయి. కర్రతో కదిలించకుండ ఎవరూ చేయి పెట్టకూడదని పిల్లలకు గట్టిగా చెప్పాము. కుమ్మరివారి వద్ద రంగు పూయని మట్టికుండలు తెచ్చి, మొక్కల నడుమ మెడ వరకు పాతి, నీళ్లు నింపి మూత పెట్టాము. కుండ గోడ గుండా నీరు చెమర్చి వేళ్లకు అందుతుంది, పైన ఎండకు ఆవిరి కాదు. రెండు దినాలకొకసారి నింపితే చాలింది. మా ఉప్పునీటికి కుండ చెమర్చే రంధ్రాలు మూసుకుపోతాయి గనుక ఒక వేసవికి మించి పనిచేయవు.

మధ్యాహ్నము తరువాతి ఎండ పడమటి నుండి కొడుతుంది. కనుక ముందుగా పడమటి వైపున తాటాకులు, పాత చీరలు కట్టాము. పైన మనిషి ఎత్తుకు తగ్గకుండ పందిరి వేశాము. మరీ క్రిందికి కడితే గాలి ఆడక మొక్క ఉడికిపోతుంది. పిడుగురాళ్ల సున్నము మాకు దగ్గరే. దానిని తెచ్చి నిమ్మచెట్ల మొదళ్లకు పూశాము. తెలుపు ఎండను త్రిప్పికొట్టి, బెరడు పగలకుండ కాపాడుతుంది.

ఇంత చేసినా ఆ వేసవిలో మమ్మును ఎక్కువగా భయపెట్టినది మొక్కల సంగతి కాదు. మే నెల మొదటి వారములో ఒక మధ్యాహ్నము, రెండు గంటల వేళ, గొర్రెల కాపరి కుర్రవాడు తొట్టి దగ్గరకు వచ్చి కేక వేశాడు. మేము, మా శ్రీమతి పరుగెత్తి వెళ్లాము. మామ్మ వంగమొక్కల ప్రక్కన చతికిలబడి ఉన్నది. చేతిలో చెంబు. ఒళ్లు కాలిపోతున్నది, చెమట మాత్రము లేదు. పిలిస్తే వేరెవరి పేరో చెప్పి గొణుగుతున్నది. అది వడదెబ్బ. ఒంటి వేడి 104 డిగ్రీల ఫారెన్‌హీటు దాటి, మాట తడబడిందంటే ప్రాణాపాయమని అప్పటికే విని ఉన్నాము. ఆమెను పందిరి నీడకు చేర్చి, ఆ పూట బావిలో ఉన్న నీళ్లన్నీ తోడి ఒంటి మీద పోశాము. తడిగుడ్డలు మెడకు, చంకలకు పెట్టి, స్త్రీలు విసనకర్రలతో విసిరారు. స్పృహ సరిగా లేనివారికి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తులలోనికి పోతాయి గనుక పోయనివ్వలేదు. 108 బండి వచ్చి ఆసుపత్రికి తీసుకొనిపోయింది. మూడవ దినమున ఆమె ఇంటికి వచ్చింది.

ఆ సాయంత్రము మొక్కలకు పోయడానికి నీళ్లు లేవు. ఎవరూ అడగలేదు. వేపచెట్టు క్రింద ఎదురు తిరిగి అడిగిన ఆ సహోదరుడే బండితో కూడ ఆసుపత్రికి వెళ్లి, రెండు రాత్రులు అక్కడే ఉన్నాడు.

మామ్మను తరువాత అడిగాము, ఆ ఎండలో ఎందుకు వెళ్లావు అని. "ఆకు వేలాడేసింది అయ్యగారా. దాహంతో ఉన్న బిడ్డను చూసి ఊరుకుంటామా?" అన్నది. అప్పుడు ఆమెకు, ఆమెతో పాటు అందరికీ ఒక సంగతి వివరించాము. మధ్యాహ్నము ఆకు వేలాడటము మొక్క చావు కాదు. ఎండ ముదిరినప్పుడు మొక్క ఆకు క్రింది సన్నని రంధ్రాలను మూసుకొని, ఆకును వాల్చి, ఉన్న నీటిని దాచుకుంటుంది. చల్లబడ్డాక లేచి నిలబడుతుంది. తెల్లవారి చూసినప్పుడు కూడ వాలి ఉంటేనే దానికి దాహము. అంటే మొక్కను చూడవలసిన వేళ వేకువ. మధ్యాహ్నము మొక్క తన సంగతి తాను చూసుకుంటుంది. మనిషికి ఆ శక్తి లేదు. నీడకు పోవడమే మనిషికి గతి.

2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి సుమారు రెండు వేలమంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది ముసలివారు, ఎండలో పని చేసుకొనే కూలివారు. మా ఇండ్లలో ఉన్నవారు కూడ అట్టివారే. కనుక మరునాటి నుండి మందిరపు గంటకు ఒక క్రొత్త పని పెట్టాము. వేకువ నాలుగున్నరకు మొదటి గంట, నీళ్లు తోడడానికి. ఏడున్నరకు రెండవ గంట. అది మ్రోగిన తరువాత తోటలో ఎవరూ ఉండకూడదు. చేతిలో సగము బిందె ఉన్నా అక్కడే దించి వెళ్లాలి. సాయంత్రము ఆరున్నర వరకు తోట తడిక వేసి ఉంటుంది. ఎన్నో యేండ్లుగా జనులను పిలవడానికే మ్రోగిన గంట, ఆ వేసవిలో జనులను ఇంటికి పంపడానికి కూడ మ్రోగింది. తడిక దగ్గర ఒక కుండలో ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు పెట్టాము. లీటరు మంచినీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలవాలి.

ఆ ఆదివారము యోనా గ్రంథము నాలుగవ అధ్యాయము చదువుకున్నాము. యోనా తలకు నీడనిచ్చిన సొరచెట్టు ఒక్క రాత్రిలో వాడిపోవడము, వేడిగాలి, అతడు సొమ్మసిల్లడము, ఇవన్నీ మా ఊరివారికి ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. యోనాకు ఆ చెట్టు మీద జాలి కలిగింది. దేవుడు ఆ జాలిని తప్పు పట్టలేదు. దానిని పట్టుకొనే, ఒక పట్టణములోని మనుష్యుల మీద తనకు జాలి ఉండదా అని అడిగాడు. ఆ దినమున అంతకంటె ఎక్కువ ప్రసంగము చేయలేదు. మామ్మ ముందు వరుసలో కూర్చుని ఉన్నది.

రెండవ వారములో ఉరుములతో వానలు పడి కొంత ఊపిరి ఆడింది. నెలాఖరున రోహిణి కార్తె వచ్చి మళ్లీ మండింది. ఎన్నికలు అయిపోయాయి. గుమ్మము తొక్కనివారు ఇంకా తొక్కలేదు గాని, వేకువ నాలుగున్నరకు బావి గట్టున ఒకరు చేద లాగితే ఒకరు బిందె అందుకున్నారు. జూన్ నెల మొదట్లో నైరుతి వాన దిగింది. అప్పటికి తోటలో మిగిలినవి ఇవి: నాలుగు మళ్ల గోరుచిక్కుడు, గోంగూర, దొండపందిరి, నిమ్మ, మునగ, కరివేప. బొప్పాయిలలో రెండు పడిపోయాయి. బెండ సగము పోయింది. వంగలో ఎనిమిదింటికి ఐదు నిలిచాయి. ఆ రెండు నెలలు ఏ ఇంటికీ నిండా కూర రాలేదు. అయినా వారానికి రెండు పూటలకు తగ్గకుండ ప్రతి ఇంటికి వెళ్లింది.

ఆ ఐదు మొక్కల మీద తొమ్మిది కాయలను పసుపుపచ్చగా పండేవరకు ఉంచాము. మామ్మ అరుగు మీద కూర్చుని వాటిని నలిపి, గింజలు కడిగి, నీడన ఆరబెట్టి, బూడిద కలిపింది. ఈసారి ఒక ఇంటిలో దాచలేదు. పద్నాలుగు పొట్లాలు కట్టింది.

చదువరులారా, మీ మందిరము వెనుక, మీ బడి వెనుక కూడ ఇట్టి జాగా ఉంటుంది. ఉన్నట్లయితే శివరాత్రి పోయి ఎండలు ముదరకముందే మీ బావిలో ఎన్ని బిందెలు ఊరుతాయో కొలిచి గోడ మీద వ్రాసిపెట్టండి. ఏ మొక్కను వదలాలో నీళ్లు ఉన్న రోజుననే మాట్లాడుకోండి. ఎండిన రోజున మాట్లాడితే పోట్లాటే అవుతుంది. పడమటి వైపున మునగ గాని, అవిసె గాని ఇప్పుడే నాటండి, మూడవ వేసవికి నీడ పడుతుంది. అన్నిటికంటె ముందు తోటకు ఒక గంట పెట్టుకోండి. మీకు ఆ తెల్లచారల వంగ విత్తనము కావాలంటే జూన్ నెలలో మా ఊరికి రండి. మామ్మ ఇంకా అదే అరుగు మీద కూర్చుని ఉంటుంది, అడిగినవారికి చిటికెడు కట్టి ఇస్తుంది. ఏడున్నర దాటాక మాత్రము తోట చూపించమని అడగకండి, ఆమే ఒప్పుకోదు.